క్రియాటిన్ వేరు, క్రియాటినిన్ వేరు: జిమ్ డబ్బాకీ కిడ్నీ పరీక్షకీ మధ్య చిక్కుముడి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు తగిలిన ఇళ్లల్లో రోజూ వినబడే మాట "క్రియాటిన్". కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో రక్తపరీక్ష చీటీ చేతికి రాగానే ముందు అడిగేది "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అనే. పత్రికలు కూడా చాలాసార్లు "సీరం క్రియాటిన్" అనే అచ్చువేస్తాయి. నిజానికి ఆ చీటీలో ఉన్నది క్రియాటిన్ కాదు, క్రియాటినిన్.

ఇదే మాట శ్రీకాకుళం, విజయనగరం జిమ్‌లలో ఇంకో అర్థంతో వినబడుతుంది. అక్కడ క్రియాటిన్ అంటే కండబలం కోసం నీళ్లలో కలుపుకుని తాగే తెల్లటి పొడి. బరువులెత్తే క్రీడ ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగానే పేరుపడింది. ఆర్మీ, పోలీసు ఉద్యోగాలకు ఒళ్లు వంచి తయారయ్యే కుర్రాళ్లకు ఇక్కడ కొదవ లేదు. వాళ్లలో కొందరి సంచుల్లోకి ఈ డబ్బా చేరింది.

రెండు వాడుకలూ ఒకే ఇంట్లో ఎదురుపడితే గొడవ మొదలవుతుంది. "క్రియాటిన్ పెరిగే కదా మీ పెదనాన్నకి డయాలసిస్ పెట్టారు, అదే డబ్బు పోసి కొని తాగుతావా?" అంటుంది తల్లి. "దానికీ దీనికీ సంబంధమే లేదమ్మా" అంటాడు కొడుకు. ఇద్దరూ సగం సగమే సరి. రెండూ ఒకటి కావు, అలాగని సంబంధం లేనివీ కావు.

## ఒక్క నీటి అణువు తేడా

క్రియాటిన్ మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం. కిడ్నీలో మొదలై కాలేయంలో పూర్తయి, రక్తం ద్వారా కండరాలకు చేరుతుంది. అర్జినిన్, గ్లైసిన్, మెథియోనిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు దానికి ముడిసరుకు. మాంసం, చేపలు తినేవాళ్లకు తిండి ద్వారా కూడా కొంత అందుతుంది. 70 కిలోల మనిషిలో మొత్తం సుమారు 120 గ్రాములు ఉంటే, అందులో 95 శాతం కండరాల్లోనే. 1832లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ దీన్ని మాంసపు రసంలోంచి వేరుచేశాడు. మాంసం అనే అర్థమున్న గ్రీకు మాటలోంచే పేరు పుట్టింది.

దీని పని కండరానికి క్షణాల్లో శక్తి అందించడం. బరువు ఒక్కసారిగా ఎత్తినప్పుడు, వంద మీటర్లు దూకుడుగా పరుగెత్తినప్పుడు కండరంలో ఉన్న ఏటీపీ, అంటే కండరం నేరుగా వాడుకునే ఇంధనం, రెండు మూడు సెకన్లలో ఖర్చయిపోతుంది. ఫాస్ఫేటు మోస్తున్న క్రియాటిన్ వెంటనే దాన్ని భర్తీ చేస్తుంది. ఈ సాయం దాదాపు పది సెకన్ల వరకే. అందుకే బరువులెత్తేవాళ్లకు పనికొచ్చినంతగా ఇది పది కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు పనికిరాదు.

క్రియాటినిన్ దీని వ్యర్థం. కండరంలోని క్రియాటిన్‌లో రోజుకి ఒకటి నుంచి రెండు శాతం దానంతటదే క్రియాటినిన్‌గా మారుతుంది. ఈ మార్పుకి ఎంజైము కూడా అక్కర్లేదు. అణువులోంచి ఒక నీటి అణువు ఊడిపోతే చాలు. క్రియాటిన్ అణుభారం 131, క్రియాటినిన్‌ది 113, తేడా 18. నీటి అణుభారం సరిగ్గా అంతే. పొయ్యిలో కట్టెకీ బూడిదకీ ఉన్న సంబంధమే వీటి మధ్యా ఉంది. ఒకటి వాడుకునేది, ఇంకోటి పారబోసేది.

ఒకసారి క్రియాటినిన్ అయ్యాక ఒంటికి దాంతో పని లేదు. రక్తంలోకి వస్తుంది, కిడ్నీలు వడగడతాయి, మూత్రంలో పోతుంది. పెద్దవాళ్లలో రోజుకి ఒకటి నుంచి రెండు గ్రాములు ఇలా బయటికి వెళతాయి. ఒకే మనిషిలో, కండ మారనంతకాలం, ఈ ఉత్పత్తి రోజూ ఇంచుమించు సమానం. వైద్యులకు పనికొచ్చిన గుణం ఇదే. తయారయ్యేది మారకుండా రక్తంలో నిలవ పెరిగిందంటే బయటికి పోయేది తగ్గిందని లెక్క.

## డబ్బాలో ఉండేది

డబ్బా మీద "క్రియాటిన్ మోనోహైడ్రేట్" అని ఉంటుంది. క్రియాటిన్‌కి ఒక నీటి అణువు తోడైన రూపమది. బరువులో 88 శాతం క్రియాటిన్, మిగతాది నీరు. 5 గ్రాముల చెంచాలో అసలు క్రియాటిన్ 4.4 గ్రాములు. కిలో పచ్చి మాంసంలోనో చేపలోనో 4 నుంచి 5 గ్రాములు ఉంటుంది కాబట్టి, ఒక చెంచా కిలో మాంసంతో సమానం. శాకాహారుల కండరాల్లో నిలవ తక్కువ కాబట్టి పొడి ప్రభావం వాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

క్రీడాకారులు దీన్ని రెండు పద్ధతుల్లో వాడతారు. మొదటి పద్ధతిలో 5 నుంచి 7 రోజులు రోజుకి 20 గ్రాములు నాలుగు విడతలుగా, తర్వాత రోజుకి 3 నుంచి 5 గ్రాములు. రెండో పద్ధతిలో మొదటి రోజు నుంచీ 3 నుంచి 5 గ్రాములే. దీనిలో కండరాలు నిండడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అంతే తేడా. మొదటి వారంలో ఒకటి రెండు కిలోలు బరువు పెరిగితే అది కండ కాదు, క్రియాటిన్‌తో పాటు కండరంలో చేరిన నీరు. ఇది స్టెరాయిడ్ కాదు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన వాటిలోనూ లేదు. ప్రొటీన్ పొడి పూర్తిగా వేరే సరుకు.

నీళ్లలో కలిపి రోజుల తరబడి ఉంచితే, ముఖ్యంగా నిమ్మరసంలాంటి పుల్లటి దానిలో, క్రియాటిన్ సీసాలోనే క్రియాటినిన్‌గా మారిపోతూ ఉంటుంది. ఒంట్లో జరిగేదే అక్కడా జరుగుతుంది. అప్పుడు తాగేది కండకు పనికిరాని వ్యర్థమే.

## చీటీ మీద ఉండేది

ల్యాబు చీటీలో "ఎస్. క్రియాటినిన్" అని ఉంటే "ఎస్" అంటే సీరం, రక్తరసం. మామూలుగా మగవాళ్లకు 0.7 నుంచి 1.3, ఆడవాళ్లకు 0.6 నుంచి 1.1 దాకా హద్దుగా వేస్తారు. కొలత డెసిలీటరు రక్తరసంలో ఎన్ని మిల్లీగ్రాములు అని. ల్యాబుని బట్టి హద్దులు కొంచెం మారతాయి. కొన్నిచోట్ల ఆడ, మగ తేడా లేకుండా ఒకటే హద్దు అచ్చువేస్తారు. దాని వల్ల వచ్చే నష్టం కింద చూద్దాం.

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల చీటీలతో ఇంకో తికమక ఉంది. అక్కడ చాలాచోట్ల లీటరుకి మైక్రోమోళ్లలో రాస్తారు. "97 వచ్చింది" అని ఫోను వస్తే ఇంట్లో గుండె ఆగినంత పనవుతుంది. ఆ అంకెను 88.4తో భాగిస్తే మన కొలత వస్తుంది. 97 అంటే దాదాపు 1.1.

కొలిచే పద్ధతులు రెండు. పాతది 1886లో మాక్స్ జాఫే కనిపెట్టిన రంగు పరీక్ష. క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లం క్రియాటినిన్‌తో కలిసి నారింజ రంగుకి తిరుగుతుంది, ఆ రంగు ఎంత చిక్కనో యంత్రం చూస్తుంది. చవక కాబట్టి ఇప్పటికీ విరివిగా వాడుతున్నారు. చిక్కేమిటంటే, కీటోన్లు, బాగా పెరిగిన చక్కెర, కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా ఆ రంగును కొంత తెప్పిస్తాయి. కామెర్ల రోగిలో బిలిరుబిన్ అంకెను కిందికి లాగవచ్చు. రెండోది ఎంజైము పద్ధతి. ఇందులో క్రియాటినిన్‌ని ముందు తిరిగి క్రియాటిన్‌గా మార్చి, ఆ తర్వాత దాన్ని కొలుస్తారు. రక్తంలో ముందునుంచే ఉన్న క్రియాటిన్ లెక్కలో కలవకుండా దాన్ని మొదటే తొలగించే ఏర్పాటు కిట్‌లో ఉంటుంది. అది సరిగా లేకపోతే పొడి తాగేవాళ్ల అంకె అబద్ధంగా పెరుగుతుంది. ఒక మనిషిని నెలల తరబడి గమనించేటప్పుడు అదే ల్యాబులో చేయించమని వైద్యులు అడగడానికి ఇదొక కారణం.

## ఒకే 1.3, ఇద్దరు మనుషులు

క్రియాటినిన్ అంకె మాత్రమే కిడ్నీ శక్తిని చెప్పదు. కండ ఎక్కువున్న మనిషిలో తయారయ్యేదే ఎక్కువ, బక్కపలచని మనిషిలో తక్కువ. అందుకే అంకెను వయసుతో, ఆడ మగ తేడాతో కలిపి ఇజిఎఫ్ఆర్ అనే అంచనా కడతారు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నాయో, అందరి ఒంటి పరిమాణాన్నీ ఒకే ప్రమాణానికి తెచ్చి చెప్పే లెక్క ఇది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 2021లో సవరించిన సికెడి-ఎపి సూత్రం.

దానిలో వేసి చూద్దాం. 30 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 1.3 ఉంటే ఇజిఎఫ్ఆర్ 76. 60 ఏళ్ల ఆడమనిషికి అదే 1.3 ఉంటే 47. ఇజిఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అతనిది ఆ గీతకు పైన, ఆమెది బాగా కింద. ఆడ మగ తేడా లేకుండా 1.4 దాకా "నార్మల్" అని అచ్చువేసిన చీటీ అయితే ఇద్దరినీ ఒకేలా ఇంటికి పంపిస్తుంది.

ఇంకా సన్నని ఉదాహరణ ఒకటి. జీడితోటల్లో కూలికి వెళ్లే 55 ఏళ్ల ఆమె, బరువు 42 కిలోలు అనుకుందాం. క్రియాటినిన్ 1.1. ఆడవాళ్ల హద్దులోనే ఉంది. సూత్రం చెప్పేది 59. అదీ సగటు కండ ఉందనుకుని కట్టిన అంచనా. ఆమె ఒంట్లో కండే తక్కువ కాబట్టి అసలు శక్తి అంతకంటే తక్కువే అయ్యే అవకాశం ఉంది. ఈ సూత్రాలకు ఆధారమైన కొలతల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ జనాలవి. మన దేశంలో కండ తక్కువ, మాంసం తక్కువ తినే మనుషులకు ఇవి కిడ్నీ శక్తిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తాయని ఇక్కడి నిపుణులు చాలామంది అంటారు. ఉద్దానం జబ్బులో ఇది మరీ ముఖ్యం. అక్కడ చాలామందికి షుగరు, బీపీ చరిత్ర ఉండదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. తొలి దశలో హెచ్చరించే గుర్తులు తక్కువ, క్రియాటినిన్ మీదే భారం ఎక్కువ.

అంకె పెరిగే తీరు కూడా మోసం చేస్తుంది. 30 ఏళ్ల ఆడమనిషికి 0.6 నుంచి 1.2కి వస్తే ఎవరూ కంగారుపడరు. ఇజిఎఫ్ఆర్ మాత్రం 124 నుంచి 62కి పడింది, సగం శక్తి పోయినట్టు. అదే 60 ఏళ్ల మగవాడికి 5 నుంచి 6 అయితే ఇల్లంతా ఏడుపు. అక్కడ పడిపోయింది 12 నుంచి 10కి మాత్రమే. మొదట్లో చిన్న పెరుగుదల వెనక పెద్ద నష్టం, చివర్లో పెద్ద పెరుగుదల వెనక చిన్న నష్టం. అందుకే పాత చీటీలు పారేయకుండా వరసగా దాచిపెట్టుకున్న ఇల్లు వైద్యుడికి ఎంతో మేలు చేస్తుంది. హద్దులోపల ఉన్నా పైకి పాకుతున్న అంకె అలాగే దొరుకుతుంది.

## పెరిగిన ప్రతి అంకే జబ్బు కాదు

కిడ్నీలు బాగానే ఉన్నా అంకె పెరిగే సందర్భాలు ఉన్నాయి. రాత్రి వేటమాంసం కూర బాగా తిని పొద్దున్నే రక్తం ఇస్తే పెరుగుతుంది. మాంసం ఉడికేటప్పుడు అందులోని క్రియాటిన్‌లో కొంత గిన్నెలోనే క్రియాటినిన్‌గా మారుతుంది, అది తిన్న కొన్ని గంటలపాటు రక్తంలో తిరుగుతుంది. ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్, సిమెటిడిన్ వంటి మందులు క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే ఒక దారిని మూస్తాయి. వడకట్టే శక్తి తగ్గకుండానే అంకె పెరుగుతుంది. పరీక్షకు ముందురోజు ఒళ్లు హూనమయ్యేలా కసరత్తు చేసినా కొంత పెరగవచ్చు.

డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలను ఈ జాబితాలో కలపకూడదు. అవి కిడ్నీకి రక్తం అందడాన్నే తగ్గిస్తాయి, అక్కడ పెరిగిన అంకె నిజమైన దెబ్బ. ఎండలో పనిచేసి, ఒంట్లో నీరు తగ్గి, సాయంత్రం ఒళ్లునొప్పులకు మాత్ర వేసుకుంటే దెబ్బ రెట్టింపు.

క్రియాటిన్ పొడి సంగతి. ఒంట్లో క్రియాటిన్ నిలవ పెరిగితే దానిలోంచి రోజూ విడిపోయే క్రియాటినిన్ కూడా పెరుగుతుంది. 24 ఏళ్ల కుర్రాడు రెండు నెలలుగా రోజుకి 5 గ్రాములు తాగుతున్నాడనుకుందాం. పరీక్షలో 1.4 వచ్చింది, ఇజిఎఫ్ఆర్ 72. పొడి ఆపాక కండరాల నిలవ పాత స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పుడు మళ్లీ చేయిస్తే 1.2, ఇజిఎఫ్ఆర్ 87. మధ్యలో కిడ్నీకి జరిగిందేమీ లేదు. పొడి సంగతి డాక్టరుకి చెప్పకుండా ఉంటే మాత్రం ఇదే అంకె మీద స్కాన్‌లూ మందులూ మొదలయ్యేవి. ఆపిన తర్వాత కూడా అంకె దిగకపోతే అది పొడి వల్ల కాదని తేలుతుంది, అసలు కారణం వెతకాలి. "పొడి వల్లేలే" అని అక్కడితో వదిలేయడం రెండో రకం ప్రమాదం.

ఇలాంటి అనుమానం తీర్చడానికి సిస్టాటిన్ సి అనే ఇంకో రక్తపరీక్ష ఉంది. అది కండ మీద, తిన్న మాంసం మీద, పొడి మీద ఆధారపడదు. ఖర్చెక్కువ, చిన్న ఊళ్ల ల్యాబుల్లో దొరకడం కష్టం. అదీ తప్పులేనిదేం కాదు, థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు దాన్ని కదిలిస్తాయి.

## పొడి కిడ్నీని పాడుచేస్తుందా?

క్రీడా పోషణ నిపుణులు చెప్పేది ఇది: ఆరోగ్యవంతులు చెప్పిన మోతాదులో వాడినప్పుడు వడకట్టే శక్తిని నేరుగా కొలిచిన అధ్యయనాల్లో నష్టం కనబడలేదు, పెరిగింది అంకె మాత్రమే. అంతర్జాతీయ క్రీడా పోషణ సంఘం 2017లో ఇదే వైఖరి ప్రకటించింది.

కిడ్నీ వైద్యుల జాగ్రత్తకూ ఆధారం ఉంది. అప్పటికే కిడ్నీ జబ్బు ఉన్న ఒక యువకుడికి ఈ పొడి వాడుతుండగా పరిస్థితి దిగజారి, ఆపాక కుదుటపడిందని 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఒక్కరి ఉదంతంతో పొడే దోషి అని తేల్చలేం. కానీ నష్టం లేదన్న అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఆరోగ్యవంతుల మీద జరిగినవే, దెబ్బతిన్న కిడ్నీలకు అదే భరోసాను వర్తింపజేయలేం.

మన ప్రాంతంలో ఈ రెండో మాటకు బరువు ఎక్కువని నా అభిప్రాయం. విజయనగరంలో పరీక్షలన్నీ సరిగా ఉన్న కుర్రాడికీ, ఇంట్లో ఇద్దరికి కిడ్నీ జబ్బు ఉన్న ఉద్దానం కుర్రాడికీ ఒకే జవాబు చెప్పడం న్యాయం కాదు. ఉద్దానం జబ్బుకు నీటిలో సిలికా అని, పురుగుమందులని, ఎండలో నిర్జలీకరణం అని, జన్యువులని అనేక వాదనలు ఉన్నాయి, ఏదీ ఖాయంగా తేలలేదు. కారణం తెలియని చోట, పొడి కిడ్నీని నేరుగా పాడుచేయకపోయినా, జబ్బును ముందే పట్టిచ్చే ఒకే ఒక అంకెను గజిబిజి చేస్తుంది. మొదలుపెట్టక ముందు ఒక చీటీ చేతిలో లేకపోతే, 1.4లో పొడి వాటా ఎంతో జబ్బు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. పేరులేని డబ్బాల్లో లేబుల్ మీద రాయని పదార్థాలు కలిసే భయం దీనికి అదనం.

## అంకె దిగితే జబ్బు నయమైనట్టా?

"క్రియాటిన్ తగ్గించే మందు" అని ఊళ్లలో అమ్మేవాళ్లు ఈ ఆశ మీదే బతుకుతారు. క్రియాటినిన్ ఒంటికి చేసే హాని స్వల్పం. కిడ్నీ పనిచేయనప్పుడు ప్రాణం మీదికి తెచ్చేవి పొటాషియం, ఆమ్లం, ఒంట్లో చేరే నీరు, ఇంకా ఎన్నో వ్యర్థాలు. వాటితో పాటు నిలిచిపోయి, వాటి జాడ చెబుతుంది కాబట్టే క్రియాటినిన్‌ని కొలుస్తారు. దాన్ని మాత్రమే దించినంత మాత్రాన వడపోత మెరుగుపడదు.

నెలల తరబడి మంచాన పడి, తిండి తగ్గి, తొడలు భుజాలు కరిగిపోయిన మనిషికి క్రియాటినిన్ 4.0 నుంచి 3.2కి రావచ్చు. కిడ్నీలు కోలుకుని కాదు, కండ కరిగి తయారయ్యేదే తగ్గి. ఆ సమయంలో ఏ పసరు తాగుతుంటే దానికే పేరు వస్తుంది. డయాలసిస్ సంగతీ ఇలాంటిదే. నాలుగు గంటలు మిషన్ మీద ఉన్నాక 9 కాస్తా 3 అవుతుంది. తీసింది మిషను, రెండు రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. "మూడే ఉంది కదా" అని తర్వాతి డయాలసిస్ మానేస్తే, ఆయాసంతో, పెరిగిన పొటాషియంతో ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుంది.

## అదే మాట మూత్రం చీటీలో, ఇంకో రెండు మాటలు

మూత్ర పరీక్షలో "అల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి" అని ఉంటుంది. అల్బుమిన్ రక్తంలో ఉండే ఒక ప్రొటీన్. ఇక్కడ క్రియాటినిన్ ఎక్కువుంటే భయం లేదు. మూత్రం చిక్కగా ఉందా పలచగా ఉందా అన్నది సరిచూడడానికే దాన్ని పెట్టారు. చూడవలసింది నిష్పత్తిని. గ్రాము క్రియాటినిన్‌కి 30 మిల్లీగ్రాములకంటే తక్కువ అల్బుమిన్ ఉంటే మామూలు, 300 దాటితే బాగా ఎక్కువ.

"క్రియాటిన్ కైనేజ్" ఇంకో పరీక్ష, చీటీల్లో సిపికె అని కూడా రాస్తారు. క్రియాటిన్‌కి ఫాస్ఫేటు అతికించే, విప్పే ఎంజైము అది. కండరం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. అలవాటు లేని కసరత్తు ఒకేసారి విపరీతంగా చేసినవాళ్లలో వందల్లో ఉండాల్సినది వేలల్లోకి ఎక్కుతుంది. దాంతోపాటు మూత్రం ముదురు టీ రంగులో వస్తే, కరిగిన కండరం కిడ్నీలను మూసేసే ప్రమాదం ఉందని, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలని అర్థం. సెలూన్‌లో జుట్టుకి పెట్టే కెరటిన్ మాత్రం వెంట్రుక, గోరు తయారయ్యే ప్రొటీన్, పైవాటిలో దేనికీ చుట్టం కాదు.